ఎఫ్.సి. అయిన బండి

కారు కింద గోనెసంచి పరుచుకొని వెల్లకిలా పడుకొన్న ప్రేమానందం మొదట దాన్ని ఉత్త గీత అనుకున్నాడు. ఏడాది పొడుగునా పేరుకుపోయిన మడ్డిని రేకుముక్కతో గీకి, కిరసనాయిలులో ముంచిన గుడ్డతో తుడుస్తున్నాడు. ముందు చక్రాలు రెండింటినీ పట్టి నిలిపే ఇనుప దూలం మీద, ఎడమ చక్రానికి జానెడు ఇవతల, వెంట్రుకలాంటి నల్లటి గీత కనబడింది. గోటితో గీరాడు. పోలేదు. ఇంకొంచెం కిరసనాయిలు పోసి తుడిచాడు. తుడిచినకొద్దీ గీత పొడవైంది. గోరు అందులోకి దిగింది.

"గురప్పా, ఒకసారి ఇట్ల రాప్పా" అని పిలిచాడు.

గురప్ప పుత్తూరులో నగరి రోడ్డు పక్కన షెడ్డు పెట్టుకొన్న మెకానిక్కు. బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని బ్రేకు ఇన్‌స్పెక్టరు ఏడాదికోసారి చూసి సంతకం పెట్టాలి. దాన్నే అందరూ ఎఫ్.సి. అంటారు. అది లేకపోతే టాక్సీ షెడ్డు దాటి బయటికి రాకూడదు. అందుకని ఎఫ్.సి. దగ్గర పడిందంటే ఊళ్ళో టాక్సీలన్నీ గురప్ప దగ్గరికే వస్తాయి. ఆయన బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకొని, కారు కిందికి దూరి ప్రేమానందం పక్కన పడుకొన్నాడు. బ్యాటరీ లైటు వేసి చూశాడు. సుత్తితో దూలాన్ని ఈ కొసనా ఆ కొసనా తట్టాడు. ఒక కొసన కంచులాగా పలికింది. గీత ఉన్న దగ్గర పగిలిన కుండలాగా పలికింది.

"ఇరిగింది గదన్నా" అన్నాడు.

"వెల్డింగు పెడితే?"

"పెట్టొచ్చు. పెట్టిన తావ నిలుస్తాది. ఆ వేడికి దాని పక్కన ఇనుము చచ్చిపోతాది. ఈ పొద్దు కాకుంటే ఇంకో పొద్దు ఆడ ఇరుగుతాది. దూలం మార్చాల్సిందే. మద్రాసులో దొరుకుతాది."

"ఇరిగితే?"

గురప్ప పక్కకు తిరిగి, చేత్తో చక్రాన్ని తడిమాడు. "ఈ సక్రం ఒక దావన పోతాది, బండి ఒక దావన పోతాది" అన్నాడు.

ఇద్దరూ బయటికి వచ్చి, చేతులు ఊకతో రుద్దుకొని కూర్చున్నారు. కారు వెనక సీటూ, ముందు సీటూ ఊడదీసి వేపచెట్టు నీడలో పెట్టి ఉన్నాయి. వాటి పక్కన ప్రేమానందం కడిగి ఆరబెట్టిన చెక్కపలక ఉంది. కాలు విరిగినవాళ్ళను వెనక సీట్లో కాలు చాపి పడుకోబెట్టడానికి ఆయనే చేయించుకొన్న పలక అది. విరిగిన ఎముకలకు వేసే పుత్తూరు కట్టు కోసం రేణిగుంటలో రైలు దిగి వచ్చేవాళ్ళు చాలామంది ఈ బండిలోనే వస్తారు. గుంతలో చక్రం పడితే వెనక నుంచి మూలుగు వినబడుతుంది. ఆ మూలుగుకు భయపడి భయపడి, ఆ రోడ్డులో ఏ గుంత ఎక్కడుందో ఆయన పాదాలకే తెలిసిపోయింది. తొందరగా పోవాలనే వాళ్ళు వేరే టాక్సీ ఎక్కుతారు. ఎముక విరిగినవాళ్ళు మాత్రం స్టేషనులో దిగగానే ప్రేమానందం బండి ఎక్కడని అడుగుతారు.

సాయంత్రం దామోదరం వచ్చాడు. తోలేది ప్రేమానందమైనా బండి దామోదరానిది. బజారులో చెనక్కాయల మిల్లు ఉంది. ఆ దుమ్ము ఎప్పుడూ ఆయన కనుబొమల మీద ఉంటుంది. ప్రేమానందం చెప్పిందంతా నిలబడే విన్నాడు. వంగి చూడలేదు.

"ఎఫ్.సి. క్యాంపు ఎప్పుడు?" అని అడిగాడు.

"బేస్తవారం అయ్యా. తిరపతిలో."

"మద్రాసుకు పోయి, దూలం తెచ్చి, బిగించి, అంతలో అవతాదా?"

"కాదయ్యా. వచ్చే క్యాంపుకు పోదాం. అంతదాకా బండి ఈడనే పెడదాం."

"నెల దినాలు నిలబెడితే బండి ఏమవతాది, నువ్వేమవతావు? ఇనబ్బా, ఇప్పటికి వెల్డింగు పెట్టించి రంగు కొట్టు. ఎఫ్.సి. కానీ. అయినంక నేనే మద్రాసుకు పోయి కొత్తది తెస్తా. నేనెప్పుడన్నా నీ బండికి తక్కవ చేసినానా?"

చేయలేదు. బ్రేకు లైనింగు అడిగితే తెప్పించేవాడు, టైరు అడిగితే ఇప్పించేవాడు. నీ బండి అని ఆయన అన్నమాట కూడా ప్రేమానందానికి కొత్త కాదు. పదేళ్ళకు పైగా అట్లనే అంటున్నాడు.

"అట్లనే అయ్యా" అన్నాడు.

*

మరునాడు పొద్దున్నే గురప్ప వెల్డింగు పెట్టాడు. ఊరికే పైపైన కాదు. గీతను అంతా వెడల్పు చేసి, లోపలికంటా కరిగించి పోశాడు. చల్లారినాక ఆకురాయితో ప్రేమానందమే అరగదీశాడు. నిప్పురవ్వల వేడికి కొంచెం కమిలిన కుడిచెయ్యి నొప్పి పుడితే ఎడమచేత్తో అరగదీశాడు. ఉబ్బు అంతా అణిగి దూలంతో సమానమయ్యేదాకా వదల్లేదు. తర్వాత నల్లరంగు పూశాడు. ఒక పూత ఆరినాక ఇంకొక పూత.

బయటికి వచ్చి తల వంచి చూస్తే ఆ జానెడు మేర నిగనిగలాడుతూ కనబడింది. ఏదో దాచినట్టే ఉంది. మళ్ళీ లోపలికి పోయాడు. కాలిపోయిన ఇంజనాయిలులో రోడ్డు దుమ్ము కలిపి, ముద్ద చేసి, రంగు మీద వేళ్ళతో మెత్తాడు. అందులోనే కొంచెం తీసేసి, పాతకాలం మడ్డిలాగా అక్కడక్కడా వదిలాడు. గురప్ప స్టూలు మీద కూర్చొని చూస్తూ ఉన్నాడు.

"నువ్వు ఇంత బాగా చేస్తావనుకోలేదన్నా" అన్నాడు. మెచ్చుకొన్నట్టు లేదు.

"కొత్తది ఏస్తాడు లేప్పా. మాట ఇచ్చినాడు."

"ఏస్తే మంచిదే."

తక్కిన పనులన్నీ నిజంగానే చేశారు. బ్రేకు డ్రమ్ములు విప్పి గరుకు కాగితంతో రుద్దారు. లైనింగులు కొత్తవి వేశారు. స్టీరింగు వదులు బిగించారు. ఒక పక్క వెలగని డిమ్ము లైటుకు తీగ మార్చారు. వైపర్లకు కొత్త రబ్బర్లు తొడిగారు. తలుపు కింద తుప్పుపట్టిన రేకు కోసేసి కొత్త ముక్క అతికించి పుట్టీ పెట్టారు. టాపుకు పసుపు రంగు, ఒంటికి నలుపు రంగు. నంబరు మాత్రం ప్రేమానందం తానే రాశాడు. ఆయనకు చర్చిలో బోర్డు మీద వాక్యాలు రాసే అలవాటు ఉంది. ఊపిరి బిగపట్టి తెల్లని అంకెలు ఒక్కొక్కటే దిద్దాడు.

మధ్యాహ్నం ప్రేమానందం భార్య గురవమ్మ సద్ది తెచ్చింది. మొగుడు తినేంతసేపూ కారు చుట్టూ తిరిగి చూసింది. అద్దంలో ముఖం చూసుకొంది.

"కొత్తబండి మాదిరి ఉండాది" అంది. "అయినంక ఒకసారి పిల్లోళ్ళను ఎక్కించుకోని నగరి దాకా తీసకపో. ఎప్పుడూ ఊరోళ్ళనే గదా తిప్పతావు."

"దూలం మార్చినంక పోదాం" అన్నాడు ప్రేమానందం.

*

క్యాంపు తిరుపతి ఊరి చివర ఒక బయలులో పెట్టారు. టాక్సీలు, లారీలు, ఒక పెళ్ళి బస్సు వరసగా నిలబడ్డాయి. మామిడికాయలు కోసి ఉప్పుకారం వేసి అమ్మేవాడు బండ్ల మధ్య తిరుగుతున్నాడు. డ్రైవర్లు ఆఖరుసారి హారన్లు నొక్కి చూసుకుంటున్నారు.

బ్రేకు ఇన్‌స్పెక్టరు కృష్ణా జిల్లా మనిషి, కొత్తగా వచ్చాడు. నెత్తికి రుమాలు కట్టుకొని, ఎండలో ఒక్కొక్క బండినీ తానే చూస్తున్నాడు. ప్రేమానందం బండి వంతు వచ్చేసరికి పొద్దు నెత్తి మీదికొచ్చింది. ఆయన పక్కన కూర్చొని బండి తోలమన్నాడు. బయలు ఆ చివరన ఉన్నట్టుండి "ఆపు" అన్నాడు. బండి గీత గీసినట్టు ఆగింది. మెరక మీద హ్యాండ్ బ్రేకు వేయించాడు. కదల్లేదు. లైట్లు, హారను, వైపర్లు, తలుపుల గడియలు అన్నీ చూశాడు. ముందు చక్రాన్ని జాకీతో ఎత్తించి రెండు చేతులతో ఊపాడు. అప్పుడు మోకాళ్ళ మీద కూర్చొని, బ్యాటరీ లైటు వేసి, కిందికి తల పెట్టాడు.

ఆయన అంతసేపు కింద ఏం చూస్తున్నాడో ప్రేమానందానికి కనబడలేదు. ఆయన వీపు మీద తడిసిన చొక్కా మాత్రం కనబడుతోంది.

"బండంతా అద్దంలా కడిగావు. ఇక్కడొక్క చోట మడ్డి ఎందుకు వదిలావు?" అన్నాడు కింద నుంచే.

ప్రేమానందం "ఆడికి చెయ్యి అందలేదు సార్" అన్నాడు.

ఇన్‌స్పెక్టరు లేచి నిలబడ్డాడు. వేలికి అంటిన మడ్డిని చూసుకొన్నాడు. తర్వాత ప్రేమానందం వైపు చూశాడు.

"లైసెన్సు ఇయ్యి."

లైసెన్సు పుటలన్నీ తిప్పాడు. కేసు రాసిన ఎర్ర సిరా ఎక్కడా లేదు.

"ఎన్నాళ్ళ నుంచి నడుపుతున్నావు ఈ బండి?"

"పదేండ్లు దాటింది సార్."

"ఎవర్నన్నా గుద్దావా?"

"లేదు సార్. నేను ఎక్కించుకొనేది కాళ్ళూ చేతులూ ఇరిగినోళ్ళను సార్. పుత్తూరు కట్టుకు వచ్చేవాళ్ళను. బిరిగ్గా తోలేదానికి కాదు."

ఇన్‌స్పెక్టరు ముఖం కొంచెం మెత్తబడింది. రుమాలు విప్పి మెడ తుడుచుకొన్నాడు. "కింద దెబ్బలేమీ లేవు గదా?" అని అడిగాడు. మామూలుగా, దోవ అడిగినట్టు అడిగాడు.

"లేవు సార్."

"నువ్వు చెబుతున్నావు కాబట్టి నమ్ముతున్నా" అని కాగితం బానెట్టు మీద పెట్టుకొని సంతకం చేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు ప్రేమానందం కారులో ఎవరినీ ఎక్కించుకోలేదు. రేణిగుంట దగ్గర చేతికి గుడ్డ వేలాడదీసుకొన్న ఒక ముసలాయన రోడ్డు పక్కన నిలబడి చెయ్యెత్తాడు. ఆపకుండా వచ్చేశాడు. అది గుర్తొచ్చి, దోవ పొడుగునా ఏదో తప్పు చేసినట్టు ఉండింది. ఎక్కించుకొని ఉన్నా అట్లనే ఉండేది.

*

మిల్లు దగ్గర దామోదరం కాగితం తీసుకొని రెండుసార్లు చదివాడు. కాఫీ తెప్పించాడు. తనతోపాటు కుర్చీలో కూర్చోబెట్టి తాగించాడు. అది ఎప్పుడూ లేదు.

"మద్రాసుకు ఎప్పుడు పోతారయ్యా?" అని అడిగాడు ప్రేమానందం.

దామోదరం గ్లాసు కింద పెట్టాడు. "ఇంక దానికి మనం పోయే పని లేదులేప్పా. బండి ఇచ్చేసినాను. సత్యవేడు పరంధామయ్యని ఒకాయన. ఎఫ్.సి. చేయించి ఇస్తే తీసుకుంటానన్నాడు. రేపు నువ్వే పోయి ఆయన చేతికి ఇచ్చేసి రా."

మిల్లులో చెనక్కాయలు వలిచే యంత్రం శబ్దం ఆగకుండా వస్తోంది. ప్రేమానందం సరిగ్గా వినలేదేమో అనుకొని దామోదరం మళ్ళీ చెప్పాడు.

"దూలం సంగతి ఆయనకు చెప్పినారా అయ్యా?"

"వెల్డింగు పెట్టించినాం గదా. ఇన్‌స్పెక్టరే బాగుండాదని సంతకం పెట్టినాడు. ఆయన కంటే నీకు జాస్తి తెలుసునా?" కోపంగా అనలేదు. ఇంకొక మాట కూడా చేర్చాడు. "నీకేం బాధ లేదు. మిల్లు కాడ మూటలు చూసుకొనే పని ఇస్తా. బండి తోలే వయసు అయిపాయ గదా నీకూ."

ఇంటికి వచ్చి గురవమ్మకు చెప్పాడు. ఆమె పొయ్యి ముందు కూర్చొని సంగటి కెలుకుతోంది. కెలకడం ఆపకుండానే అంతా విన్నది.

"రేపు ఆయన్తో చెప్పేస్తా, ఆ సత్యవేడాయనతో" అన్నాడు ప్రేమానందం.

"చెప్తే మిల్లు పని పోతాది."

"పోతాది."

"రంగు పూసేటప్పుడు లేని బాధ ఇప్పుడేంది?"

"అప్పుడు నేను తోలే బండి అనుకున్నా."

గురవమ్మ సంగటి ముద్ద తీసి పళ్ళెంలో వేసింది. నీళ్ళ చెంబు పక్కన పెట్టింది. "నీ ఇష్టం. మూటలు చూసే పని నీకెందుకులే, నేను పోతా ఇంకోరి కాడ చెనక్కాయలు వలిచేదానికి" అంది. ఆ మాట కోపంతో అన్నదో, ధైర్యం చెప్పడానికి అన్నదో ఆయనకు తెలియలేదు. అడగలేదు.

*

నాగలాపురం మీదుగా సత్యవేడు దాకా ఆయన సైకిళ్ళు కూడా దాటుకొని పోయేంత నెమ్మదిగా తోలాడు. పరంధామయ్య బస్టాండు ఎదురుగా తన ఇంటి ముందు కాచుకొని ఉన్నాడు. బక్కపలచని రైతు. మెడలో తువ్వాలు. ఆయన భార్య బండికి హారతి ఇచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. బానెట్టు మీద, స్టీరింగు మీద పసుపు కుంకుమ పెట్టింది. పరంధామయ్య టెంకాయ కొట్టాడు. చుట్టూ చేరినవాళ్ళు టాపు మీది రంగును వేళ్ళతో ముట్టుకొని చూశారు.

అంతా అయ్యేదాకా ప్రేమానందం తాళంచెవి పిడికిట్లోనే పెట్టుకొని ఉన్నాడు. తర్వాత పరంధామయ్యను పక్కకు పిలిచాడు.

"అయ్యా, నీకొక సంగతి చెప్పాల. ముందు దూలం ఇరిగి ఉండాది. ఎఫ్.సి. కోసరం వెల్డింగు పెట్టి, పైన నేనే రంగు పూసినా. అది నిలబడదు. జనాన్ని ఎక్కించొద్దు. ముందు దూలం మార్పించు."

పరంధామయ్య నవ్వాడు. మర్యాదగానే నవ్వాడు.

"దామోదరమయ్య చెప్పినాడప్పా, నువ్వు ఇట్లంటావని."

"ఏమని?"

"బండి చేయిదాటి పోతా ఉండాదని డ్రైవరుకు కడుపుమంటగా ఉండాది, ఏమేమో చెప్తాడు, ఊఁ కొట్టి పంపించు అన్నాడు. పాపం, నీ బాధ నాకు తెలుసు. ఎద్దుల్ని అమ్మినప్పుడు నాకూ అట్లనే అయ్యింది."

ప్రేమానందం ఆయన చెయ్యి పట్టుకొని కారు దగ్గరికి తెచ్చాడు. కొత్త పంచె నలిగిపోతుందని చూడకుండా మట్టిలో పడుకొని కిందికి దూరాడు. "రా అయ్యా, సూడు" అన్నాడు. పరంధామయ్య తల వంచాడు. ప్రేమానందం తాను మెత్తిన మడ్డిని వేళ్ళతో తీసేశాడు. తాళంచెవితో రంగు గీకాడు. లోపల ఇనుము తెల్లగా, నున్నగా బయటపడింది. ఎంత గీకినా నున్నగానే ఉంది. గీత అన్నది ఎక్కడా లేదు. తాను రెండు చేతులూ మార్చి మార్చి ఆకురాయి పట్టించాడు గదా.

"యాడుండాదప్పా ఇరిగింది?"

"లోపల ఉండాది. బయటికి కనపడదు."

"ఇన్‌స్పెక్టరుకు కనపడలా, నాకు కనపడలా, నీకొక్కడికే కనపడతా ఉండాదా?"

"ఇన్‌స్పెక్టరుకు నేను అబద్ధం చెప్పినా."

అప్పుడు పరంధామయ్య ముఖంలో నవ్వు పోయింది. చుట్టూ ఉన్నవాళ్ళ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "ఆయనకు అబద్ధం చెప్పినోడివి నాకు నిజం చెప్తా ఉండావని ఎట్ల నమ్మేది? బాయి ఎండిపోయి, ఉన్న చేను అమ్మి ఈ బండి తీసుకున్నానయ్యా. ఇంటి ముందర పండగ చేసుకుంటా ఉంటే వచ్చి ఈ మాట అంటావా? నువ్వు చెప్పేది నిజమైతే నేనేమి కావాల? పో. గమ్మున పో."

తాళంచెవి చేతిలోంచి ఆయనే తీసుకొన్నాడు.

అప్పటికే ఆయన బామ్మర్ది స్టీరింగు ముందు కూర్చొని "తడ, తడ" అని అరుస్తున్నాడు. తడలో రైలుకు పోయేవాళ్ళు, మద్రాసు బస్సు పట్టుకొనేవాళ్ళు బస్టాండులోంచి వచ్చి ఎక్కుతున్నారు. వెనక ఐదుగురు కూర్చొన్నారు. ముందు ముగ్గురు. ప్రేమానందం మట్టి అంటిన పంచెతోనే తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఈ బండిలో పోవద్దండయ్యా. ముందర దూలం బాగలేదు. బస్సు వస్తాది, బస్సులో పోండి" అన్నాడు.

"ఎవురాయన?" అన్నారు లోపల ఎవరో.

"పాత డ్రైవరు. బండి అమ్మేసినారని మనసు బాగలేదు పాపం" అన్నాడు బామ్మర్ది.

లోపల ఉన్నవాళ్ళు ఆయన వైపు జాలిగా చూశారు. ఒకాయన చిల్లర తీసి ఇయ్యబోయాడు. ప్రేమానందం కిటికీ పక్కన ఒళ్ళో మల్లెపూల గంప పెట్టుకొని కూర్చొన్న ఆడమనిషి వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వన్నా దిగు తల్లీ" అన్నాడు. ఆమె ఆయన ముఖం కేసి కొంచెంసేపు చూసింది. ఏం కనబడిందో ఏమో, గంప ఎత్తుకొని దిగింది. దిగినాక తప్పు చేశాననుకొని మళ్ళీ ఎక్కబోయింది. కానీ ఆ చోటులో అప్పటికే ఇంకొకరు కూర్చొన్నారు. బండి కదిలింది. చక్రాల కింద నిమ్మకాయలు చిట్లాయి.

ఆమె పేరు మునిరత్నమ్మ. తోటలో మొగ్గలు కొని, అవి విచ్చుకోకముందే తడ స్టేషనులో మద్రాసు పోయేవాళ్ళకు అమ్ముకుంటుంది. బస్టాండు అరుగు మీద గంప పెట్టి, పక్కన కూర్చొంది. ప్రేమానందం కాఫీ హోటల్లో నీళ్ళు అడిగి తెచ్చి, పూల మీద కప్పిన గుడ్డను తడిపాడు.

"తడ బస్సు ఎప్పుడు వస్తాదప్పా?"

"తెలీదమ్మా. నాది పుత్తూరు."

ఆమె ఎండ వైపు చూసింది. "రైలు పోయినంక ఈ పూలు ఎవురు కొంటారు?" అంది. గంప మీది గుడ్డ సర్ది, "ఆ బండికి నిజంగానే ఏమన్నా అవతాదా?" అని అడిగింది.

"ఏమోమ్మా. కాకపోవచ్చు గూడా."

"కాకపోతే నన్నెందుకు దించినావు?"

ప్రేమానందం తడ రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ బండి సాయంత్రానికి క్షేమంగా తిరిగి రావాలి. రేపూ రావాలి, ఎల్లుండీ రావాలి. ఈమె రోజూ ఇక్కడ నిలబడి దాన్ని చూడాలి. ఆ పుత్తూరు డ్రైవరు ఒట్టి అబద్ధాలకోరని నలుగురికీ చెప్పి తిట్టుకోవాలి. తాను బతికినన్నాళ్ళూ ఆమె నోట అబద్ధాలకోరుగానే ఉండిపోవాలి. అంతకంటే ఏమి కోరుకోవాలో ఆయనకు తోచలేదు.

బస్సు వచ్చింది. మెట్ల మీద కూడా జనం వేలాడుతున్నారు. మునిరత్నమ్మ గంప ఎత్తుకొని పరుగెత్తింది. ప్రేమానందం ఆమె కంటే ముందు పరుగెత్తి బస్సు రేకు మీద చేత్తో కొట్టాడు. బస్సు ఆపకుండా, దుమ్ము రేపుకుంటూ పోయింది.

ఆమె తిరిగి వచ్చి కూర్చొంది. తడిగుడ్డ తొలగించి చూసింది. పొద్దున గట్టిగా ముడుచుకొని ఉన్న మొగ్గలు అప్పుడే విచ్చుకుంటున్నాయి.

"సూడప్పా" అని గంప ఆయన వైపు తిప్పింది.